ఒడ్డుకు చేరినవా బిడ్డా?



హనుమకొండలో మా అమ్మ ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. అందులో పదకొండు వరుసలు. ఒక్కో వరుసలో ఒక తేదీ, ఆ రాత్రి నేను బండి ఆపే ఊరి పేరు, మర్నాడు ఎక్కబోయే కొండ పేరు, వెనక్కి తిరగాల్సిన సమయం. అట్టడుగున మూడు ఫోన్ నంబర్లు. నిరుడు సెప్టెంబరులో నార్వే కొండల్లో ఒంటరిగా తిరగడానికి బయల్దేరే ముందు నేను రాసిచ్చిన కాగితం అది. ఆ ప్రయాణం గురించి మాట్లాడమని ఆకాశవాణి వాళ్లు అడిగినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది కొండలూ జలపాతాలూ కావు, ఆ కాగితమే.

నేను మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు నేను బడికి పోయే పిల్లను. ఆ గుండ్రటి భవనం చుట్టూ పెరిగిన ఊరే ఇప్పుడు నాకు అన్నం పెడుతోంది. పొద్దున ఒక దేశం వాళ్లతో కాల్, రాత్రి ఇంకో దేశం వాళ్లతో కాల్. ఒక రోజు ఊరికే లెక్క వేసి చూసుకుంటే పది గంటలు నా చెవుల మీద హెడ్‌ఫోన్లు ఉన్నాయి. ఆ రాత్రి బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర వానలో, కారులో గంటసేపు కదలకుండా కూర్చున్నాను. చుట్టూ వేల మంది. ఎవరి గొంతూ వినపడని చోట కొన్నాళ్లు నడవాలి అన్న కోరిక అక్కడ పుట్టింది. ఆ కోరికకు తగ్గ డబ్బు కూడబెట్టడానికి రెండేళ్లు పట్టింది.

అమ్మకు చెప్పాను. "ఒక్కదానివే పోతవా బిడ్డా? ఎక్కడ పంటవు? ఏం తింటవు?" అంది. నేను అద్దెకు తీసుకోబోయే క్యాంపర్ వాన్ ఫోటో చూపించాను. వెనకవైపు పరుపు, పక్కన గ్యాస్ పొయ్యి, చిన్న సింకు, సీటు కింద నీళ్ల ట్యాంకు. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. చూసి, "ఇది మా కచ్చురమే గదా" అంది.

అమ్మ చిన్నతనంలో మేడారం జాతరకు పోవడమంటే బస్సెక్కి పోవడం కాదు. రెండేళ్లకోసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మ గద్దెలకు వచ్చే వేళకు, ఎడ్లబండికి వెదురు తడికెలతో గూడు కట్టి కచ్చురం చేసి, బియ్యం, పప్పు, చింతపండు, గిన్నెలు, ఎడ్లకు గడ్డి, అమ్మవార్లకు బంగారం అని పిలుచుకునే బెల్లం, అన్నీ అందులోనే సర్దుకుని బయల్దేరేవారట. పొద్దు గూకిన చోట ఎడ్లను విప్పి, మూడు రాళ్లు పెట్టి అన్నం వండుకుని, పిల్లలు బండిలో, పెద్దలు బండి కింద పడుకునేవారు. తాడ్వాయి అడవిలో రాత్రి చలి ఎముకలు కొరికేదని, జంపన్న వాగు చేరేసరికి ఒళ్లంతా దుమ్ము పట్టి ఉండేదని అమ్మ చెబుతుంటే, ఐరోపాలో జనం ఇప్పుడు గొప్ప స్వేచ్ఛ అని చెప్పుకుంటున్న ఆ బతుకును మా అమ్మ ఎనిమిదేళ్ల వయసులోనే చూసేసిందని నాకు అర్థమైంది.

అయితే ఆవిడ ఒక షరతు పెట్టింది. "మా బండ్లు ఒకదాని ఎనుక ఒకటి పోయేటియి. ఒకటి ఆగితే ఎనుక బండోళ్లకు ఎరుక ఉండేది. నీ ఎనుక బండి లేదు. నీ జాడ నాకు ఎరుక ఉండాలె. రోజుకొక్క ఊరు రాసియ్యి." కాగితం అలా పుట్టింది.

కొండలు ఎక్కడం నేను నేర్చుకున్నది ఆఫీసుకు నాలుగు కిలోమీటర్ల దూరంలో. ఖాజాగూడ గుట్టల మీద. ఫఖ్రుద్దీన్ గుట్ట అని కూడా అంటారు. అక్కడ దర్గా ఉంది, గుడి ఉంది. వాటి వెనక ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు నిలబడ్డ బండలున్నాయి. ఎవరూ పేర్చలేదు. భూమి లోపల గట్టిపడిన గ్రానైటు, పైనున్న మట్టి కొట్టుకుపోయాక బయటపడి, ఎండకీ వానకీ ఉల్లిపొరల్లా పొరలు ఊడుతూ అంచులు అరిగి గుండ్రాలైంది. వాటి వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. గాజు భవనాల కోసం ఇలాంటి బండలను పేల్చేస్తుంటే చూడలేక కొందరు 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ అన్న సంస్థ పెట్టుకున్నారు. వాళ్లు లేకపోతే ఈరోజు ఎక్కడానికి నాకు ఏం మిగిలి ఉండేదో తెలియదు. వారానికి మూడు పొద్దులు, వీపు సంచిలో ఎనిమిది లీటర్ల నీళ్లు వేసుకుని ఆ గుట్టలు ఎక్కి దిగాను. ఎక్కడం ఊపిరి నేర్పింది, దిగడం మోకాళ్లకు బుద్ధి నేర్పింది. ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే కాలు జారుతుంది. ఇది విన్నవాళ్లందరికీ తెలుసు కానీ, ఒకసారి జారినవాళ్లకే నిజంగా తెలుసు.

కాగితాల పని త్వరగా చెప్పేస్తాను. ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి, అది ఏడాది చెల్లుతుంది. షెంగెన్ వీసా కావాలి. పెట్టెలో అటుకులు, కరివేపాకు పొడి, చింతపండు పులుసు, ఆవకాయ తీసుకెళ్లాను. నెయ్యి తీసుకెళ్లలేదు. ఐరోపా బయటి నుంచి పాలతో చేసిన ఏ వస్తువూ సామానులో తేకూడదని అక్కడి నియమం. ఇది తెలియక విమానాశ్రయంలో గిన్నెడు నెయ్యి పారబోసుకున్న తెలుగువాళ్లు ఎందరో ఉంటారు. మీరు ఆ జాబితాలో చేరకండి.

స్టావంగర్ అనే ఊళ్లో వాన్ తీసుకున్నాను. అక్కడ బండి కుడివైపు నడపాలి, పట్టపగలు కూడా హెడ్‌లైట్లు వేసే ఉండాలి. మొదటి అరగంట నా పెదవులు ఎండిపోయాయి. వెంటనే రిఫిల్కే సొరంగం వచ్చింది. పొడవు 14 కిలోమీటర్ల పైన, అన్నిటికంటే లోతైన చోట సముద్ర మట్టానికి 292 మీటర్ల కింద. నెత్తిన సముద్రం ఉండగా కొత్త బండిని కొత్త వైపున నడుపుతూ, నేను చేసిన ఒకే ఒక్క పని ముందు బండికి దూరం పాటించడం. సొరంగం దాటి వెలుతురులోకి రాగానే పక్కన ఆపి, మంచినీళ్లు తాగి, అమ్మకు మెసేజ్ పెట్టాను.

మొదటి కొండ ప్రైకెస్టోలెన్. లీసె ఫియోర్డ్ అనే సముద్రపు పాయ మీదికి పొడుచుకొచ్చిన పెద్ద రాతి అరుగు. నీటి మట్టానికి 604 మీటర్ల ఎత్తున, దాదాపు చదునుగా, అంచున కంచె లేకుండా ఉంటుంది. పోనూ రానూ ఎనిమిది కిలోమీటర్లు. దారిలో నన్ను ఆపేసింది ఆ అరుగు కాదు, కాళ్ల కింది మెట్లు. ఒక్కో రాయీ ఒక్కో మంచం అంత. సిమెంటు లేదు. ఒకదానికొకటి ఒరుసుకుని కదలకుండా కూర్చున్నాయి. వాటిని పేర్చింది నేపాల్ నుంచి వచ్చిన షెర్పాలు. నార్వేలో చాలా కొండదారులకు ఇలా రాతిమెట్లు వేయడానికి అక్కడివాళ్లు షెర్పాలను పిలిపించుకున్నారు, ఎందుకంటే వాలు మీద బరువైన రాయిని నిలబెట్టే విద్య తరతరాలుగా వాళ్ల చేతుల్లో ఉంది. ఒంటరిగా నడుస్తున్నాననుకున్న దారిలో ప్రతి అడుగు కిందా మన పక్కదేశపు మనుషుల చెమట ఉంది. ఒక మెట్టు మీద కూర్చుని రాయిని చేత్తో తడిమి చూశాను. చల్లగా, తడిగా ఉంది.

పైన కూర్చుని కిందికి చూస్తే మన పాపికొండలు గుర్తురాక తప్పదు. రెండు వైపులా నిటారు కొండలు, మధ్యలో నిశ్చలంగా నీళ్లు, చీమంత పడవ. పోలిక కంటికి మాత్రమే. పాపికొండల మధ్య దారి తీసింది గోదావరి. నది నీళ్లు అడుగున కోసుకుంటూ పోతాయి కాబట్టి లోయ కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది. ఫియోర్డును తవ్వింది మంచు. వందల మీటర్ల మందాన పేరుకున్న మంచు, తన బరువుకు తానే మెల్లగా జారుతూ, అడుగున చిక్కిన రాళ్లతో కొండను రాకుతూ, దోనెలాంటి లోయను చెక్కింది. మంచుయుగం ముగిసి మంచు కరిగాక ఆ దోనెలోకి సముద్రం వచ్చి కూర్చుంది. లీసె ఫియోర్డ్ పొడవు 42 కిలోమీటర్లు. నేను కూర్చున్న అరుగు కింద నీటి లోతు 400 మీటర్లు దాటుతుంది. ఆశ్చర్యం ఏమిటంటే అదే ఫియోర్డు సముద్రం వైపు మొదట్లో 13 మీటర్ల లోతే. మంచు అక్కడికి చేరేసరికి బలం తగ్గి, మోసుకొచ్చిన రాళ్లూ రప్పలూ అక్కడే దించేసింది. దిగి వచ్చాక ఒడ్డున చేయి ముంచి నాలుకకు తాకించుకున్నాను. ఉప్పు. నాలుగు వైపులా కొండలు మూసుకున్న చోట సముద్రపు ఉప్పు.

రాత్రులు ఎలా గడిచేవని చాలామంది స్నేహితురాళ్లు అడిగారు. నేను ప్రతి రాత్రీ డబ్బు కట్టి క్యాంపింగ్ స్థలంలోనే ఆగాను. నార్వేలో 1957 నాటి చట్టం ఒకటి ఉంది. సాగు చేయని నేల మీద, ఇళ్లకు 150 మీటర్ల అవతల ఎవరైనా గుడారం వేసుకుని రెండు రాత్రుల వరకు ఉండొచ్చు. నాకు ఎంతో నచ్చిన చట్టం. కానీ అది నడిచి వచ్చి గుడారం వేసుకునే మనిషి కోసం రాసింది, వాన్ ఎక్కడపడితే అక్కడ నిలపడానికి అనుమతి పత్రం కాదు. క్యాంపింగ్ స్థలంలో కరెంటు దొరుకుతుంది, వేడినీళ్లు దొరుకుతాయి, టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేయడానికి వేరే చోటు ఉంటుంది. ఆ పని ఎవరిది వాళ్లే చేసుకోవాలి, నేనూ చేసుకున్నాను. తర్వాత చేతులు కడుక్కుని అన్నం వండుకుని, చింతపండు పులుసు కలుపుకుని, వాన్ పైకప్పు మీద వాన చప్పుడు వింటూ తినేదాన్ని. పది గంటల హెడ్‌ఫోన్ల మోత నా చెవుల్లోంచి దిగిపోవడానికి మూడు రాత్రులు పట్టింది. నాలుగో రాత్రి నా ఊపిరి నాకు వినిపించింది.

అయిదో రోజు ట్రోల్‌టుంగా. హార్డాంగర్ ఫియోర్డు కొమ్మ ఒకటి కొండల్లోకి చొచ్చుకుపోయి ఆగిపోయే చోట ఒడ్డా అనే చిన్న ఊరు ఉంది. అక్కడి నుంచి షెగ్గెడాల్ చేరి, నడక మొదలుపెట్టాలి. సరస్సు మీద 700 మీటర్ల ఎత్తున నాలుకలా గాల్లోకి సాగిన రాయిని చూసి రావడానికి పోనూ రానూ 27 కిలోమీటర్లు. ఇంటర్నెట్‌లో మీరు చూసే ఉంటారు, నాలుక చివర ఒకే ఒక్క మనిషి చేతులు చాచి నిలబడ్డ ఫోటో. నా ఆఫీసు కంప్యూటర్ తెర మీద రెండేళ్లు ఉన్నది అదే. ఆ ప్రయాణానికి ప్రాణం ఆ రాయి.

తెల్లవారి ఏడింటికి బయల్దేరాను. కాగితం మీద రాసింది మధ్యాహ్నం పన్నెండున్నర. ఆ వేళకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలని నాకు నేను పెట్టుకున్న హద్దు. మొదటి గంటన్నర నిటారు ఎక్కుడు. తర్వాత బండల మీద, వాగుల మీద. అక్కడ దారి అంటూ ఉండదు, రాళ్ల మీద ఎర్ర రంగుతో వేసిన ఇంగ్లీషు టీ అక్షరం గుర్తులుంటాయి. ఒక గుర్తు దగ్గర నిలబడితే తర్వాతిది కనిపించాలి. పదిన్నరకు పొగమంచు దిగింది. వానలో మంచు పలుకులు కలిశాయి. ముందు పోతున్న జర్మన్ జంట మాటలు వినిపించేవి, మనుషులు కనిపించేవారు కాదు. కాసేపటికి మాటలు కూడా ఆగిపోయాయి. పన్నెండింటికి ఒక ఎర్ర గుర్తు పక్కన నిలబడి చూశాను, రెండోది కనిపించలేదు. పది నిమిషాలు ఆగాను. ఇరవై నిమిషాలు ఆగాను. వేళ్లు మొద్దుబారాయి. ఇంకా మూడున్నర కిలోమీటర్లే.

ఆ "మూడున్నరే" అన్న మాట నన్ను ఎంత లాగిందో చెప్పలేను. రెండేళ్ల జీతం, సెలవులు, వీసా, ఖాజాగూడ పొద్దులు, అన్నీ కలిసి వీపు మీద చెయ్యేసి ముందుకు నెట్టాయి. నన్ను వెనక్కి తిప్పింది నా తెలివి కాదు. హనుమకొండలో ఫ్రిజ్ మీద నా చేతిరాతతో పన్నెండున్నర అని ఉంది. ఆ అంకెను నమ్మి ఒక మనిషి కూర్చుని ఉంది. నేను తిరిగాను. దిగేటప్పుడు ఏడ్చాను, వానలో తెలియలేదు.

నార్వే ట్రెక్కింగ్ సంఘం 1952లో కొండల్లో నడిచేవాళ్ల కోసం కొన్ని నియమాలు ప్రచారంలోకి తెచ్చింది. ఇప్పుడవి తొమ్మిది. అక్కడి పిల్లలు ఎక్కాల్లా నేర్చుకుంటారు. మొదటి నియమం నడకను ముందే ఆలోచించుకుని ఎటు పోతున్నదీ ఎవరికో ఒకరికి చెప్పి వెళ్లమంటుంది. ఎనిమిదోది వేళకు వెనక్కి తిరగమంటుంది, తిరిగితే సిగ్గుపడాల్సింది లేదని కూడా చెబుతుంది. ఆ రెంటిలో మొదటిది మా అమ్మ ఏ సంఘమూ చెప్పకుండానే నాకు చెప్పింది.

సాయంత్రం ఎనిమిది దాటాక ఒడ్డా క్యాంపింగ్ చేరి ఫోన్ చేశాను. మనకు అప్పటికి రాత్రి పదకొండున్నర దాటింది. ఒక్క రింగుకే ఎత్తింది. "ఒడ్డుకు చేరినవా బిడ్డా?" అంది. కాగితం మీది ఊరి పేరు అడుగుతోందనుకుని, చేరిన అమ్మా, ఒడ్డాలోనే ఉన్నా అన్నాను. "ఊరు గాదే. నువ్వు చేరినవా?" అంది.

ఆ రాత్రి నిద్రపట్టక మల్లి మస్తాన్ బాబు గారిని తలుచుకున్నాను. మా ఐటీ కారిడార్‌లో కొండలు ఎక్కే ప్రతి ఒక్కరూ తలుచుకోవాల్సిన పేరు. నెల్లూరు జిల్లా గాంధీజనసంఘం ఆయన ఊరు. కోరుకొండ సైనిక పాఠశాలలో చదివారు. ఆ బడి పూర్వ విద్యార్థి లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు 1985లో ఎవరెస్టు మీద ప్రాణం విడిచారు. మస్తాన్ బాబు గారు కొండల మీద మనసు పడడానికి ఆయనే స్ఫూర్తి. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో చదివి, సత్యం కంప్యూటర్స్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఆ తర్వాత ఐఐఎం కలకత్తాలో చదివారు. మాలాగే తెర ముందు కూర్చున్న మనిషి. 2006 జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్‌తో మొదలుపెట్టి, జూలై 10న అలాస్కాలోని డెనాలితో ముగించి, ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కారు. ఆ తేదీలు కేలండర్‌లో చూడండి. గురువారం ఒకటి, శుక్రవారం ఒకటి, బుధవారం ఒకటి, అలా ఏడు శిఖరాలూ ఏడు వేర్వేరు వారాలు. ఎవరెస్టు మే 21, ఆదివారం.

2015 మార్చి 24న అర్జెంటీనా, చిలీ సరిహద్దులో ఆండీస్ కొండల్లో ఆయన ఒంటరిగా శిఖరం వైపు బయల్దేరారు. తర్వాత కబురు లేదు. రెండు దేశాల వైపు నుంచీ వెతికారు, దేశదేశాల మిత్రులు నిద్రలేకుండా సాయం కూడగట్టారు. ఏప్రిల్ 4న ఆయన మృతదేహం కనిపించింది. వయసు 40. ఆయనంత అనుభవం ఉన్నవారి నిర్ణయాల గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. వాతావరణం మారితే ఎంతటి మనిషికైనా కొండ చిన్న సందు కూడా ఇవ్వదు, అంతే. ఆ రాత్రి నేను అనుకున్నది ఆయన కోసం ఇంట్లో ఎదురుచూసిన ఆ పదకొండు రోజుల గురించి. మార్చి 24 నుంచి ఏప్రిల్ 4 దాకా, నెల్లూరు జిల్లాలో ఒక ఇంట్లో, ఒక్కో పొద్దు ఎలా గడిచి ఉంటుంది?

అందుకే మా ఆఫీసులో అమ్మాయిలు వచ్చి, అక్కా, మేము కూడా ఒంటరిగా వెళ్తాం అన్నప్పుడు, వెళ్లండి అంటాను, మనస్ఫూర్తిగా. ఎవరికీ చెప్పకుండా వెళ్తాం అంటే మాత్రం ఒప్పుకోను. ఈమధ్య అదొక గొప్పగా చెలామణి అవుతోంది, ఫోన్ ఆపేసి మాయమైపోవడం. నాకది స్వేచ్ఛగా కనిపించదు. 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య గారు వందమంది పరివారంతో పోతూ కూడా, మజిలీ మజిలీకీ ఏ ఊరు, ఎంత దూరం, నీళ్లు ఉన్నాయా, అంగళ్లు ఉన్నాయా అని రాస్తూ పోయారు, మన హైదరాబాదు మీదుగానే. అది తన కోసం మాత్రమే రాసుకున్నది కాదు.

నార్వే దాకా పోనక్కర్లేదు. ఖాజాగూడ ఉంది. భువనగిరి ఏకశిల ఉంది. 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట రాయి పట్టుకోవడం నేర్చుకున్నది ఆ భువనగిరి గుట్ట మీదే. నల్గురితో కలిసి మొదలుపెట్టాలనుకుంటే గ్రేట్ హైదరాబాద్ అడ్వెంచర్ క్లబ్ లాంటి స్వచ్ఛంద బృందాలున్నాయి. ఆపద వస్తే నార్వేలోనూ 112, ఇక్కడా 112.

మిగతా రోజులు వాన తెరిపిచ్చింది. హార్డాంగర్ ఒడ్డున యాపిల్ తోటలు కాపు మీద ఉన్నాయి. రోడ్డు పక్క బల్ల మీద పళ్ల సంచులు, పక్కన డబ్బుల డబ్బా, మనిషి ఉండడు. ఒక సంచి తీసుకుని డబ్బాలో డబ్బు వేసి, ఎవరూ లేకపోయినా చేతులు జోడించాను. 24 కిలోమీటర్ల లేర్‌డాల్ సొరంగం దాటాను. 205 కిలోమీటర్ల పొడవున్న సోగ్నె ఫియోర్డును అడ్డంగా పడవ మీద వాన్‌తో సహా దాటాను. బెర్గెన్‌లో తాళాలు ఇచ్చేసి విమానం ఎక్కాను.

హనుమకొండ వెళ్లినప్పుడు ఫ్రిజ్ మీద చూస్తే, పదకొండు వరుసలకూ పక్కన అమ్మ పెన్సిల్‌తో నేను ఫోన్ చేసిన సమయం రాసి ఉంది. అయిదో వరుసలో పదకొండు నలభై. ఆ వరుసలో ఒడ్డా అని నేను రాసినదాన్ని ఒడ్డు అని దిద్దింది.

ఇప్పుడు దాని పక్కన ఇంకో కాగితం చేరింది. అది అమ్మ రాసింది. ములుగు, పస్రా, తాడ్వాయి, మేడారం. జాతర రద్దీ లేని రోజుల్లో, ఒక వాన్ అద్దెకు తీసుకుని, పాత బండ్ల దారిలో, ఆగుతూ ఆగుతూ పోవాలట. బండి నేను నడపాలి, ఎక్కడ ఆగాలో ఆవిడ చెబుతుంది. కాగితం అడుగున మా పిన్ని ఫోన్ నంబరు రాసి, దాని కింద గీత గీసింది.